అవ్వ బకెట్లో ఎనిమిది డిగ్రీలు

ఉదయం ఆరూ పదికి మా అవ్వ కాగులోంచి వేడినీళ్లు బకెట్లోకి తోడుకుంది. రోజూ తోడుకునేదే. ఆ రోజుల్లో నేను డిప్లొమా చివరి ఏడాదిలో ఉన్నాను. లోకంలో కొలవలేనిదంటూ ఏదీ లేదని నమ్మే వయసు. నా ప్రాజెక్టు, నీళ్ల వేడిని శబ్దంతో కొలిచే యంత్రం. ఇనుప పట్టీకి రెండు చివర్లా రెండు బిళ్లలు. ఒకటి చెవికి వినిపించని శబ్దం పంపుతుంది, రెండోది అందుకుంటుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ శబ్దం తొందరగా చేరుతుంది. ఎంత తొందరగా చేరిందో చూసి వేడి ఎంతో చెప్పవచ్చు. (ఈ మాత్రం పని థర్మామీటరే చేస్తుంది కదా అని మా నాయన అప్పటికే చాలాసార్లు అన్నాడు.)

ఆ రోజే ఆత్మకూరులో పరీక్ష. యంత్రం తప్పు చెబితే నాకు ఏడాది పోయినట్టే. ఉదయగిరిలో బస్సెక్కే ముందు చివరిసారి చూసుకుందామని అవ్వ బకెట్లో ముంచాను. థర్మామీటరు నలభై అంటే యంత్రం నలభై ఎనిమిది అంది. వైర్లు పీకి మళ్లీ పెట్టాను. అదే తేడా. నాకు ఏడుపొక్కటే తక్కువ. కొండగాలికి అవ్వ తువ్వాలు కప్పుకుని వణుకుతోంది.

“ఏమ్మే, నీళ్లకి జొరమొచ్చిందా? ఇంకెంతసేపు చూస్తావు?”

“ఉండవ్వా, వేడి ఎక్కువ చూపిస్తా ఉండాది.”

“ఎక్కువేముండాది, సల్లారిపోతా ఉంటే!”

చెంబు ముంచబోయి నా మొహాన నీళ్లు చిందించింది. పెదవికి ఉప్పగా తగిలింది.

“ఇందులో ఏమేసినావవ్వా?”

“రెండు గుప్పిళ్లు ఉప్పు. మోకాళ్ల నొప్పులకి రోజూ ఏసేదే గదా. నీ మిషన్‌కి గూడా నొప్పులున్నాయా ఏంది?”

పరుగెత్తి ఇంకో బకెట్లో ఉప్పు లేని నీళ్లు పోసి ముంచాను. థర్మామీటరూ యంత్రమూ ఒకే అంకె చూపించాయి! ఉప్పునీళ్లలో శబ్దం ఇంకా తొందరగా పోతుందని పుస్తకంలో ఉంది. (రెండు మార్కుల ప్రశ్నే కదా అని వదిలేసిన పేజీ అది.) అవ్వ మాత్రం నన్ను తిట్టుకుంటూ చల్లారిన నీళ్లే పోసుకుంది.

పరీక్షలో యంత్రం సరిగ్గానే చెప్పింది. చూడవచ్చిన సారు, “ఏ నీళ్లలోనైనా ఇట్లనే చెప్తుందా అమ్మా?” అని అడిగారు.

“ఉప్పేస్తే చెప్పదు సార్.”

“వేన్నీళ్లలో ఉప్పెవరేస్తారు?”

“మా అవ్వ సార్.”

గదిలో అందరూ నవ్వారు. సారు కూడా నవ్వుతూనే మార్కులు వేశారు. సాయంత్రం ఈ సంగతి చెబితే అవ్వ తుమ్ముతూ, “నా పేరు చెప్పినావా లేదా?” అని మాత్రం అడిగింది.

అవ్వ పోయిన నెలలో పోయింది. నేనిప్పుడు గీజరు మీది అంకె చూసి గానీ నీళ్లు ముట్టుకోను. అది చూస్తే అవ్వ నవ్వి ఉండేది. మా ఇంట్లో స్నానం నీళ్లలో ఇప్పుడు ఎవరూ ఉప్పు వెయ్యరు.