జింపాచి మిగిల్చిన గుక్క

ఉజీ నదిలో వేటకు వదిలిన నీటికాకి ఒకటి కుసుదా జింపాచి కేక విని, నోట పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలో వదిలేసింది. ఇది నేను కళ్ళారా చూశాను. నాతోపాటు చూసినవాళ్ళెవరూ లేరు కాబట్టి నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. ఆయన ఇంటికప్పు మీద వాలిన పిచ్చుకలు ఎగరడానికి జంకి, చప్పుడు కాకుండా నడుచుకుంటూ దాటేవన్న సంగతి మాత్రం మా వీధి మొత్తం ఒప్పుకుంటుంది.

వంతెన దిగి ఎడమకు తిరిగితే ఆయన దుకాణం. నీడపందిళ్ళ కింద పెంచి, వసంతంలో కోసి, ఆరబెట్టి జాడీల్లో దాచిన లేత తేయాకును రాతి తిరగలిలో విసిరి మాచా పొడి అమ్మడం ఆ ఇంటి పని. వీధివైపు కిటికీ పక్కన తిరగలి, తిరగలి వెనక జింపాచి. వచ్చిన గిరాకీని ఆయన ముందు కాళ్ళ నుంచి తల దాకా చూసేవాడు. నచ్చితే పొడి ఇచ్చేవాడు. నచ్చకపోతే సరుకు అయిపోయిందనేవాడు, వెనక అర నిండా డబ్బాలు కనిపిస్తూనే ఉండేవి. పంచదార వేసుకోవచ్చా అని ఒకావిడ అడిగితే నది వైపు వేలు చూపించి, ముందు పొడిని అందులో పారబొయ్యి, తరవాత పంచదార తిను అన్నాడట.

ఆ ఇంట్లో ఆయనకు ఎదురు నిలబడగలిగిన మనిషి కోడలు యుకారి ఒక్కతే. సరస్సు ఒడ్డు ఊరి పిల్ల. గొంతు పెంచదు. వంగి దండం పెట్టి మరీ తిడుతుంది. ఎండ కాస్తోందా వాన పడుతోందా అన్న విషయంలో కూడా మామా కోడళ్ళకు ఏకాభిప్రాయం కుదిరింది లేదు. ఆయన కొడుకు తోమోయా తేయాకు వ్యాను నడిపేవాడు. వీలైనంత దూరపు ఊళ్ళే ఎంచుకునేవాడు.

ఈ మధ్య గొడవంతా ఆ కిటికీ గురించే. ఎదురు దుకాణంలో మాచా కలిపిన చల్లటి పాలు, ఐస్‌క్రీము, తురిమిన మంచు మీద పోసిన పచ్చటి పాకం అమ్మడం మొదలుపెట్టారు. అమ్మాయిలు గుంపులుగా వచ్చి, జింపాచి దుకాణంలోకి తొంగి చూసి, ఆయన ముఖం చూసి, రోడ్డు దాటి అటు పోయేవారు. పాత గిరాకీలు కూడా ఒకరొకరే తగ్గారు. తిరగలిని వెనక గదికి పంపి కిటికీ దగ్గర బల్ల వేస్తే తప్ప దుకాణం నిలవదని యుకారి అంటుంది. తిరగలి కదిలితే ఈ ఇంట్లో ముందు తన పాడె కదలాలని జింపాచి అంటాడు.

యుకారి అప్పటికే ఒక బోర్డు రాయించి మెట్ల కింద దాచిపెట్టింది. మాచా తాగితే నిద్రమత్తు వదులుతుంది, మనసు నెమ్మదిస్తుంది, చర్మం నిగనిగలాడుతుంది, ఒళ్ళు తగ్గుతుంది అని దాని మీద ఉంది. జింపాచి దాన్ని బయటికి లాగి, వీధిలో అందరికీ వినపడేలా చదివాడు.

"అరవై ఏళ్ళ నుంచి పొద్దున్నా సాయంత్రం తాగుతున్నాను. నా మనసు నెమ్మదించిందా? నా చర్మం నిగనిగలాడుతోందా?"

యుకారి చేతులు ముందుకు కట్టుకుని వినయంగా అంది. "తాగబట్టే ఇలా ఉన్నారు మావయ్యా. తాగకపోయుంటే ఈపాటికి జైల్లో ఉండేవారు."

అప్పుడే వచ్చింది పందెం మాట. శీతాకాలం మొదట్లో కొత్త ఆకు జాడీల మూతలు తీసేటప్పుడు మా వీధిలో ఒక ఆట ఆడతాం. వీధిలోని ఐదు దుకాణాల పొడీ విడివిడిగా గిన్నెల్లో గిలక్కొట్టి, ఏది ఎవరిదో చెప్పకుండా వరసగా ఇస్తారు. తాగేవాడి చేతిలో ఐదు చెక్క బిళ్ళలుంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో దుకాణం గుర్తు. గిన్నె తాగగానే అది ఎవరిదనుకుంటే ఆ బిళ్ళ పెట్టెలో వేయాలి. వేసిన బిళ్ళ మళ్ళీ తీయకూడదు. తరవాత గిన్నె తాగి తప్పు తెలుసుకున్నా సరే, నోరు మూసుకోవాల్సిందే.

జింపాచి ఈ ఆటలో ఎన్నడూ తప్పలేదు. అందుకే యుకారి నోట ఆ మాట రాగానే ఎగిరి గంతేశాడు. ఒక్క తప్పు లేకుండా చెబితే ఆ బోర్డు పొయ్యిలోకి పోవాలి. ఒక్కటి తప్పినా కిటికీ కోడలిది.

ఆట వెదురు కవ్వాలు అమ్మే సుమియే అవ్వ ఇంట్లో జరిగింది. ఆమే కవ్వం పట్టింది. వీధంతా గోడల వెంట కూర్చుంది. జింపాచి నడుం నిటారుగా పెట్టి, మొదటి గిన్నె చేతిలో తిప్పి, ఒక గుక్క తాగి, ముఖం ముడుచుకున్నాడు.

"మాడు వాసన. కరెంటు మిషను మీద పొడి చేసినవాడి పాపం ఇది. సబ్బుల్లో కలుపుకోడానికి పనికొస్తుంది." ఎదురు దుకాణం బిళ్ళను పెట్టెలోకి విసిరినట్టు వేశాడు. ఎదురు దుకాణదారు తల వంచుకున్నాడు. యుకారి మాత్రం కళ్ళు తిప్పకుండా మామగారినే చూస్తోంది.

రెండో గిన్నె, మూడో గిన్నె, నాలుగోది. ఒక్కోదానికీ ఒక్కో తిట్టు, ఒక్కో బిళ్ళ. ఐదోది ఎత్తి తాగాడు. గిన్నె పెదవుల దగ్గరే ఆగిపోయింది.

ఆ గిన్నెలో ఉన్నది ఎదురు దుకాణం పొడి. అరవై ఏళ్ళ నాలుక అది, ఇప్పుడు పొరబడదు. చేతిలో మిగిలిన ఒక్క బిళ్ళ మీద ఉన్నది తన సొంత దుకాణం గుర్తు.

అంటే సబ్బుకు పనికొస్తుందన్న మొదటి గిన్నె తనది.

ఆయన చెయ్యి పెట్టె వైపు సాగింది. సుమియే అవ్వ కవ్వం పక్కన పెట్టి, పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. "వేసింది వేసినట్టే తమ్ముడూ," అంది. జింపాచి మిగిలిన బిళ్ళ వేశాడు. అది చెక్కకు తగిలిన చప్పుడు నది అవతల గట్టున ఉన్నవాళ్ళకు కూడా వినపడింది.

పొడి మార్చారన్నాడు. నీళ్ళు బాగా లేవన్నాడు. అవ్వ చేతులు వణుకుతున్నాయన్నాడు. యుకారి అంతా విని అప్పుడు నోరు విప్పింది.

"మీకు రెండుసార్లు చెప్పాను మావయ్యా, మీరు వినలేదు. కిటికీలోంచి ఎదురింట్లో జనాన్ని చూస్తూ తిరగలి పట్టుకుంటారు. మీరు ఆకు విసరడం లేదు, ఎదురింటాయన్ని నలుపుతున్నారు. రాయి వేడెక్కిపోతోంది."

ఎవరూ నవ్వలేదు. తిరగలి పసిపాపను ఊపినంత మెల్లగా తిరగాలని, రాయి వేడెక్కితే వాసనా రంగూ చస్తాయని మా వీధిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఏడాదిగా జింపాచి చెయ్యి రైలు చక్రంలా తిరుగుతోందనీ తెలుసు. పాత గిరాకీలు ఎందుకు తగ్గారో కూడా తెలుసు. ఆ ముఖం ముందు చెప్పే ధైర్యమే ఎవరికీ లేదు.

మర్నాడు తోమోయా ఇంకో నలుగురితో కలిసి తిరగలిని వెనక గదికి మోశాడు. అక్కడ కిటికీ లేదు, గోడ ఉంది. యుకారి ఆ గోడ ముందు కూర్చుని మెల్లగా విసరడం మొదలుపెట్టింది. జింపాచి చేసింది ఒక్కటే. సిరా కుంచె తెచ్చి, బోర్డు మీద చర్మం మాటా ఒళ్ళు తగ్గే మాటా నల్లగా కొట్టేశాడు. "ధ్యానంలో కునుకు పట్టకుండా, మనసు కుదరడానికి సన్యాసులు తాగారు. అంతవరకు రాసుకో. మిగతాది అబద్ధం," అన్నాడు. యుకారి కాదనలేదు. అలాగే వేలాడదీసింది.

కిటికీ దగ్గర బల్ల పడింది. చల్లటి పాలు, ఐస్‌క్రీము, మాచా కలిపిన ఉప్పుతో వేడివేడి బజ్జీలు. పద్ధతిగా తాగేవాళ్ళకు వేడినీళ్ళలో గిలక్కొట్టిన గిన్నె, పక్కన తీపి బిళ్ళ. అమ్మాయిలు వరస కట్టారు. జింపాచి సరిగ్గా ఆ బోర్డు కింద బెంచీ వేసుకుని, వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ కాల్చేసేలా చూస్తూ కూర్చున్నాడు. నాలుక తనను మోసం చేసిందన్న కోపంతో మాచా తాగడం కూడా మానేశాడు.

ఒకమ్మాయి 'మనసు నెమ్మదిస్తుంది' అన్న మాట చదివి, కింద ఆయన్ని చూసి, ఈయన తాగరా అని అడిగింది.

"తాగేవారమ్మా," అంది యుకారి తియ్యగా. "ఈ మధ్య మానేశారు. మానేస్తే ఇలా అవుతారు."

ఆ అమ్మాయి వెంటనే రెండు కొంది. ఆమె వెనకున్నవాళ్ళూ కొన్నారు. సాయంత్రానికి ఆ మాట వంతెన అవతలికి పాకింది. మానేసిన ముసలాయన్ని చూడ్డానికి క్యోతో నుంచి ప్రత్యేక రైలు వేశారని నేనంటే తోమోయా కాదంటాడు, అతను ఆ రోజు ఊళ్ళో లేడు.

కోడలి నోరు మూయించడానికి జింపాచికి ఒక్కటే దారి మిగిలింది. మర్నాడు బల్ల ముందు నిలబడి, అందరూ చూస్తుండగా ఒక గిన్నె ఇమ్మన్నాడు. యుకారి తాను విసిరిన పొడి వేసి, కవ్వంతో నురగ తేల్చి ఇచ్చింది. ఆయన గిన్నె తిప్పి తాగాడు. చివరి గుక్కను జుర్రుమని చప్పుడు చేసి పీల్చడం మా దగ్గర మర్యాద, బాగుందని చెప్పడం. ఆయన చప్పుడు చేయలేదు. ఒక గుక్క అడుగున పచ్చగా మిగిల్చి, గిన్నె ఠక్కున పెట్టి పోయాడు.

అలా చలికాలమంతా వచ్చాడు. వచ్చినప్పుడల్లా అమ్మాయిల ఎదుటే పాలను తిట్టాడు, ఐస్‌క్రీమును తిట్టాడు, గిన్నె పట్టుకునే తీరును తిట్టాడు. యుకారి మాత్రం మిగిలిన గుక్కను చూసి గిన్నె కడిగేది. ఆ పచ్చ రోజురోజుకూ కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది.

మళ్ళీ నీడపందిళ్ళు వేసే రోజు గిన్నె అడుగు తెల్లగా మెరిసింది. చప్పుడు మాత్రం రాలేదు.

"ఇవాళ గిన్నె చిన్నదిచ్చావు," అన్నాడు జింపాచి.

"రేపు పెద్దదిస్తాను మావయ్యా," అంది యుకారి. "మిగల్చడానికి చోటుంటుంది."