నాలుగు రావలసిన చోట ఆరు

మా అమ్మ ఇంట్లో ఎవరి ఫోనైనా తీసి చదివేస్తుంది. లాక్ పెడితే ఇంకా అనుమానం. అందుకే బయాప్సీ ఫలితాన్ని నాకు మేట్రిక్స్‌లో పంపుతానంది చెల్లెలు. దాని రొమ్ములో గడ్డ సంగతి అమ్మకి తెలియదు. మా చెల్లెలు ప్లస్ టూ పిల్లలకి లెక్కలు చెబుతుంది, దానికి ఇంకో దారి ఎలా తోస్తుంది? ఇంగ్లీషు అక్షరానికో సంఖ్య. వాటిని రెండేసి చొప్పున మా ఇద్దరికే తెలిసిన మేట్రిక్స్‌తో గుణించి పంపుతుంది. దాని విలోమంతో నేను గుణిస్తే అక్షరాలు తిరిగొస్తాయి. 'లేదు' అయినా 'ఉంది' అయినా ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే నాలుగే. రావలసినవి నాలుగు సంఖ్యలు.

పురసవాక్కంలో మాధవరం బస్సెక్కి కూర్చోగానే మెసేజ్ వచ్చింది. 37 19 13 12 23 12. ఆరు! జాకెట్ గుడ్డ కొన్న కవరు మీదే లెక్క మొదలుపెట్టాను. మొదటి సంఖ్యే తొంభై మూడొచ్చింది. ఉన్నవి ఇరవై ఆరక్షరాలు, తొంభై మూడోది ఎక్కణ్ణుంచి తేను? మాటలో చెప్పి ఏడవొచ్చుగా అని చెల్లెల్ని తిట్టుకున్నాను.

ఇంతలో అమ్మ ఫోను.

"ఏమే, ఆడ స్కూల్లో పిల్లోళ్లు చాలరని మీ చెల్లెలు నీకు గూడా హోంవర్క్ ఇచ్చిందా?"

అవునన్నాను. అది ఏం చేస్తోందని అడిగితే, గదిలో పడుకుందని చెప్పింది. నాకు ఇంకా భయమేసింది.

అప్పుడు వెలిగింది. విలోమంతో కాకుండా, కంగారులో అది గుణించిన మేట్రిక్స్‌తోనే మళ్ళీ గుణించాను. వేసిన తలుపుకి ఇంకో తాళం వేసి, తెరుచుకోలేదని ఏడ్చినట్టుంది నా పని. మళ్ళీ చేశాను. ముప్పై ఏడులో పంతొమ్మిది పోతే పద్దెనిమిది, ఆర్. తర్వాత ఏ. ఇంకో ఏ, కే, కే, ఏ.

రా అక్క.

అమ్మ చదివినా ఏమీ కాని మాట. దాన్నీ దాచి పంపిందంటే అది ఏ స్థితిలో ఉందో తెలిసింది. 'లేదు' అయ్యుంటే నన్ను పిలవదు. తర్వాతి స్టాపులో దిగి, బేరమాడకుండా చూలైలో అమ్మ ఇంటికి ఆటో ఎక్కాను.

తలుపు చెల్లెలే తీసింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. వంటింట్లో అమ్మ మిక్సీ వేస్తోంది. ఆ చప్పుడు ఆగేలోపే చెప్పాలన్నట్టు నా చెయ్యి పట్టుకుంది.

"నాకు నోరు రాలా. అమ్మకి నువ్వే చెప్పక్కా."