ఖిల్లా మీది మబ్బు

ఈ పొద్దున ఒక తప్పు చేశాను. మెదక్ దవాఖానలో మా బావ మంచం పక్కన నిలబడి డాక్టరు 'ఇమ్మినెంట్' అన్నాడు. చావు ఇక ఇవాళో రేపో అని దాని అర్థం. ఆయన అటు వెళ్లగానే అక్క నా వైపు తిరిగింది.

"ఏమంటుండు తమ్మీ, సారు?"

"జల్దినే ఇంటికి తోల్కపోవచ్చంటుండు అక్కా" అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. ఇల్లు ఊడ్చి సర్ది వస్తానని, బావను నాకు అప్పగించి నిజాంపేట బస్సెక్కింది. నేను ఆపలేదు.

బావ ఊపిరి వింటూ కూర్చుంటే, కొత్తగా ఇంగ్లీషు పంతులునైన రోజులు గుర్తొచ్చాయి. మన తరం వాళ్లకు తెలుసు, ఇంట్లో ఒకడికి ఇంగ్లీషు వస్తే కోర్టు కాగితమైనా, మందు సీసా మీది రాతైనా వాడి ముందుకే వచ్చేది. మా ఇంట్లో ఆ ఒక్కణ్ని నేనే. బీడీలు చుట్టి నన్ను చదివించింది అక్క. త్వరలో జరగబోయేవాటిని చెప్పే మాటలు నేర్పడమంటే నాకు మహా సరదా. పరీక్షలు 'అప్‌కమింగ్' అనేవాణ్ని. మెదక్ ఖిల్లా మీద మబ్బు కమ్మితే పిల్లలందరినీ వరండాలోకి తెచ్చి, ఈ వాన 'ఇమ్మినెంట్', అంటే ఇదిగో వచ్చి పడబోతోంది అని చూపించేవాణ్ని. తొలి చినుకు పడగానే వాళ్లు ఆ మాటనే కేకలు పెడుతూ తడిసేవారు. ఆ మాట మనిషి మీద కూడా వాలుతుందని ఒక్కనాడూ చెప్పలేదు. నాకే తట్టలేదేమో.

మధ్యాహ్నం బావ కళ్లు తెరిచి, అక్క కూర్చునే స్టూలు వైపు చూశాడు. ఆ చూపుకు తట్టుకోలేకపోయాను. ఫోనులో చెప్పే మాట కాదది. నా భార్యను పిలిపించి అక్కడ కూర్చోబెట్టి, ఆటోలో నిజాంపేట వెళ్లాను. వాకిట్లో అక్క బావ బొంతను ఎండకు ఆరేస్తోంది. డాక్టరు అన్నది ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె నన్ను తిట్టలేదు.

"గీ ముచ్చట పొద్దుగాల్నే చెప్తే ఆయన పక్కనే కూసుంటుంటి గదరా తమ్మీ" అని, ఎండకు వేడెక్కిన ఆ బొంతనే మడిచి చంకన పెట్టుకుంది.

మేము చేరేసరికి బావకు ఊపిరి ఇంకా ఆడుతోంది. అక్క బొంత కప్పి, చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఒకప్పుడు 'ఇమ్మినెంట్' అన్న మాటకు అర్థం చెప్పాలంటే ఆకాశం వైపు చెయ్యి చూపిస్తే సరిపోయేది. సాయంత్రం డాక్టరు మళ్లీ వచ్చి చెప్పిన ప్రతి మాటనూ, ఏదీ దాచకుండా, అక్కకు తెలుగులో చెప్పాను.