జ్వరం లేని మంగళవారం

రెండువేల నాలుగు, వానాకాలం. పినపాకలో లెక్కల టీచరుగా రిటైరై అప్పటికి నాకు రెండేళ్లు. చెల్లెలు నాతోనే ఉండేది. ఇద్దరమూ పెళ్లి చేసుకోలేదు. వంటింటి క్యాలెండర్ మీద అందరిలాగే పాల ప్యాకెట్లూ, గ్యాస్ బండ వచ్చిన రోజూ రాసేదాన్ని. ఆ నెల చెల్లెలి జ్వరం కూడా రాశాను. వచ్చిన రోజు సున్నా, రాని రోజు గీత.

గురువారం సున్నా. శుక్రవారం గీత. శనివారం సున్నా. మా వైపు మలేరియా చూడని ఇల్లు లేదు. రోజు విడిచి రోజు చలిజ్వరం రావడం అందరికీ అనుభవమే. శనివారం నర్సు వచ్చి రక్తం తీసుకుని, మాత్రలు ఇచ్చి వెళ్లింది.

ఆదివారం గీత. చెల్లెలు లేచి కూర్చుని టీవీ పెట్టమంది. తెలుగులోకి డబ్బింగ్ చేసిన ఇంగ్లిష్ సీరియల్. వేరే గ్రహం నుంచి వచ్చిన ఒకడికి సొంత ఒళ్లు ఉండదు. చేయి తాకితే చాలు, ఎదుటి మనిషిలోకి దూరతాడు. పోస్ట్‌మన్‌లో నుంచి డాక్టర్‌లోకి, డాక్టర్‌లో నుంచి ఒక చిన్నపిల్లలోకి. వాడు విడిచిపోయాక ఆ మనిషి లేచి కూర్చుని టైమెంతయిందని అడుగుతాడు. మళ్లీ ఎప్పటి మనిషే.

"వాడు మనింట్లకొస్తే వారం ఉండడక్కా," అంది చెల్లెలు. "నువ్వు క్యాలెండర్ల గీతలు పెట్టుడు చూసి వాడే ఉరుకుతడు."

"ముందు మాత్ర మింగు," అన్నాను.

సోమవారం సున్నా. దుప్పట్లో వణుకుతూనే గొంతు మార్చింది. "మీ చెల్లె బయటికి పోయిందమ్మా. నేను వేరే గ్రహమోణ్ణి. జర చాయ్ పొయ్యి." చూడడానికి వచ్చిన పక్కింటామె కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

మంగళవారం పొద్దున నుదుటి మీద చేయి వేశాను. చల్లగా ఉంది. గీత పెట్టాను. చెల్లెలు జడ వేసుకోబోతే దువ్వెన రెండుసార్లు జారిపోయింది. చేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"అక్కా, గీ చేతులు నావి కావే."

"మళ్ల మొదలువెట్టినవా?" నవ్వాను.

"నిజంగనే. నా లోపల ఇంకెవరో ఉన్నరు."

గుమ్మంలో ఉన్న పక్కింటామె ఈసారి నవ్వలేదు. "ఆటోను పిలువాల్నా అక్కా?" అని అడిగింది.

నేను క్యాలెండర్ చూపించాను. "ఇయ్యాల దీనికి జ్వరం లేని రోజు. రేపొస్తది. అప్పుడు పోదాం దవాఖానకు."

చెల్లెలు దువ్వెన వదిలేసి గోడవైపు తిరిగి పడుకుంది. అలిగిందనుకున్నాను.

బుధవారం తెల్లవారగానే ఫిట్స్ వచ్చాయి. ఆటోలో మణుగూరు, అక్కడి నుంచి ఖమ్మం. జ్వరం మెదడుకెక్కిందన్నాడు డాక్టర్. "నిన్ననే తెచ్చుంటే..." అని ఆగిపోయాడు. పదహారు రోజులకు ఇంటికి తెచ్చుకున్నాను. నడుస్తుంది, పెడితే తింటుంది. నన్ను గుర్తుపట్టదు.

ఏదో ఒక ఆదివారం లేచి కూర్చుని టైమెంతయిందని అడుగుతుందని చూశాను. నూట నలభై మూడు ఆదివారాలు చూసి, లెక్క పెట్టడం మానేశాను.

ఇప్పటికీ ఒళ్లు కాస్త నలతగా ఉంటే వచ్చి నా కొంగు పట్టుకుంటుంది.

"అమ్మా, జర మా అక్కను పిలువరాదూ? నాకు జ్వరం ఏ రోజొస్తదో ఆమెకే ఎర్క."

"పిలుస్త," అంటాను.