ఐర్లండు రచయితకు నేను చేసిన అన్యాయం

నాకు బడి మూడో తరగతితో సరి, అదీ మరాఠీలో. తెలుగు అక్షరాలు బట్టల మూటలకు చుట్టి వచ్చిన పేపర్ల మీద నేర్చుకున్నాను. మరాఠీ రాష్ట్రంలో కలిసిన మా సిరోంచలో మిషను కుట్టుకుంటూ, పాత కాగితాల్లో దొరికిన ఇంగ్లీషు పుస్తకం ముందుమాటను నిఘంటువుతో కుస్తీ పట్టి చదివి, ఐర్లండు రచయిత ఒకాయన జీవితాన్ని రెండు వానాకాలాలు కూర్చుని తెలుగులో రాశాను. ఆయన నవలలూ రాశాడు, పత్రికలోనూ పనిచేశాడు. పోలీసుల దెబ్బల గురించి రాసి కొలువు పోగొట్టుకున్నాడు. మారుపేరుతో మళ్ళీ రాసి జైలుకు పోయాడు.

ఆ నోటుబుక్కు ఆష్టిలో ఒక మాస్టారికి చూపిద్దామని పోతుంటే, అడవిలో పోలీసులు బస్సు ఆపారు. ఎనభైలలో మా దిక్కు సంచిలో తెలుగు కాగితం దొరికితే చాలు, నది అవతలి అన్నల మనిషివనేవారు. రాసుకోవడం నేరమా? ఇప్పటికీ అడుగుతాను. అప్పుడు అడగలేదు.

నాకు మరాఠీ వచ్చినా, నా నోటిమీద తెలుగు రాని అధికారికి నమ్మకం లేదు. నా సంచిలో దొరికిన నోటుబుక్కును వాళ్ళలో ఉన్న మా సిరోంచ జవానుకిచ్చాడు. అతను అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చాడు.

"మాట మనదే గని కాకా, అచ్చరాలు నాకు రావు. బల్లె మరాఠే చెప్పిరి గద. నువ్వు సదువు, నేను సాబ్‌కు చెప్త."

మొదటి వాక్యంలోనే పోలీసులున్నారు. మా వీధివాడొకణ్ణి ఒక్క కరపత్రానికి తీసుకుపోయి వారానికి వదిలితే, వాడి చేతులు అన్నం కలపలేకపోయాయి. నాది చేతులమీది బతుకు.

కళ్ళు పేజీమీదే పెట్టి, అక్కడ లేనిది చదివాను. "ఆయన ఆలుగడ్డలు పండించెను. తల్లికి సేవ చేసెను. పేపరులో వానల సంగతి రాసెను." పేజీ తిప్పాను.

"ఏంది కాకా, గంత నిండుగున్నది, గింతేనా?"

కళ్ళెత్తకుండా అన్నాను. "తెలుగు రాత జర జాగ ఎక్కువ తింటది సాబ్."

అతను నన్నే చూశాడు. ఇగ అయిపోయింది అనుకున్నాను. "మరాఠీకి గిట్ల లేదే," అని నవ్వి, తిప్పమన్నాడు. జైలు పేజీలో ఆయనకు పెళ్ళి చేశాను.

జవాను ఒక్కో ముక్కా మరాఠీలో చెబుతుంటే అధికారి ఆవులించాడు. ఇంత చప్పటి మనిషి గురించి ఇన్ని పేజీలెందుకని మరాఠీలో అడిగాడు. తెలివి లేనివాణ్ణి సాహెబ్ అన్నాను. పొమ్మన్నాడు.

జవాను బస్సుదాకా వచ్చి సంచి అందించాడు. "మంచోడే కాకా ఆయన. నిజంగ గంత సుకంగ బతికిండా?"

అధికారి దూరంగా జీపులో ఉన్నాడు. అడిగినవాడి గొంతులో బెదిరింపు లేదు.

"ఆ, సుకంగనే బతికిండు," అన్నాను.