కల్లం దాటితే నిర్మల్

ఆర్మూర్ నుంచి నిర్మల్ ఎంత దూరమని! పొద్దున ఇక్కడ ఛాయ్ తాగి బయలుదేరిన మనిషి అక్కడ ఇంకో ఛాయ్ తాగి, మధ్యాహ్నం బువ్వ వేళకు ఇల్లు చేరొచ్చు. లారీవాళ్లయితే దాన్ని దారి అని కూడా అనుకోరు. మా ఇంట్లో మాత్రం మాఘమాసమంతా ఆ ప్రయాణమే జరిగింది, కారు గేటు దాటకుండానే.

దీనికంతటికీ కారణం మా అత్తమ్మ. ఆమెకు బస్సు పడదు. ఎక్కి కూర్చోవడం దాకా కూడా అక్కర్లేదు, బస్టాండులో డీజిల్ వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పడం మొదలవుతుంది. ఆమెకున్నది ఒక్కతే అక్క, ఆ అక్కను నిర్మల్‌లో ఇచ్చారు. ఏటా పసుపు తవ్వే రోజుల్లో ఆ పెద్దమ్మే మా ఇంటికొచ్చి కొన్నాళ్లుండి పోయేది. మోకాళ్లు పట్టేశాక రాకపోకలు బందయ్యాయి. అప్పటినుంచి అక్కాచెల్లెళ్లది ఫోన్ కాపురం. పొద్దున లేస్తే కూరేమిటి, పక్కింట్లో గొడవేమిటి, అన్నీ ఫోన్లోనే. వీడియో కాల్ చేసిస్తే మా అత్తమ్మ దాన్ని కూడా చెవికే పెట్టుకుంటుంది, అక్కడ పెద్దమ్మకు చెవి దుద్దు తప్ప ఏమీ కనబడదు.

ఈ ఏడు ఆ ఫోన్లోనే ఒక కబురొచ్చింది. దూరాన భివండీలో ఉండే పెద్దమ్మ కూతురు వచ్చి తల్లిని తనతోపాటు తీసుకుపోతోంది. నిర్మల్ ఇంటికి తాళం. మళ్లీ రావడమనేది ఉండదు.

"మంచిగైంది అక్కా, ఒక్కదానివి ఎన్నొద్దులుంటవ్" అని మా అత్తమ్మ ఫోన్ పెట్టేసింది. పెట్టేసి, చెరిగేసిన బియ్యాన్నే మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. కాసేపటికి చేట పక్కన పెట్టి నా దిక్కు చూసింది.

"కారుంది గదనే మనకు" అంది.

ఆ ఒక్క మాటకు నా గుండె ఎంత ఎగిరిందో! కారు మా ఆయన మార్కెట్ యార్డు పనులకని కొన్న పాత కారు. నేను వానాకాలంలో డ్రైవింగ్ స్కూల్‌కు పోయి నేర్చుకున్నాను, లైసెన్సు కూడా వచ్చింది. అంకాపూర్ దాకా, పెర్కిట్ దాకా నడిపాను. అంతే. కశ్మీర్ నుంచి కన్యాకుమారికి పోయే రోడ్డు మా ఊరి పక్కనుంచే పోతుంటే, నేను దాని కిందినుంచి కూరగాయలకు పోయొచ్చేదాన్ని. పైన లారీలు దూసుకుపోయే చప్పుడు వింటుంటే నాకు అరికాళ్లు దురదపెట్టేవి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ పైకెక్కాలని ఉండేది.

మా ఆయనకు చెప్పాము. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"గీ సీజన్ల ఎవలన్న ఇల్లిడిసి పోతరానే? కూలోళ్లను ఎవలు సూస్తరు? నేనైతే రాను."

"నిన్నెవలు రమ్మన్నరయ్యా? నేను, అత్తమ్మ పోతం."

మొదట నవ్వాడు. మా ఇద్దరి మొహాలూ చూసి నవ్వడం మానేశాడు. "హైవే అంటే అంకాపూర్ రోడ్డు కాదే. లారీలుంటయ్."

"ఉండనీ. ఆటికి టైర్లు ఎక్కువున్నయని నేను ఇంట్ల కూసోవాల్నా?"

తల్లి ముందు ఆయన ఎక్కువ మాట్లాడలేడు. మర్నాడు టైర్లలో గాలి చూపించుకొచ్చి, ఏమీ ఎరగనట్టు తాళంచెవి గూట్లో పెట్టాడు. మా ఇంట్లో సరే అనడమంటే అదే.

ఇక మా ప్లాను మొదలైంది. నేను ఫోన్లో మ్యాపు తెరిస్తే మా అత్తమ్మ దాన్ని పట్టించుకోలేదు. ఆమె మ్యాపు ఆమెకుంది. ఏనాడో బస్సులో పోయినప్పుడు ఎక్కడెక్కడ వాంతి అయిందో, అదే ఆమెకు తెలిసిన దారి.

"బాల్కొండ దాటినంక ఒగ మలుపుంటది, ఆడ మొదటిది అయితది. పోచంపాడు క్రాసు కాడ ఇంకోటి. గోదారి బ్రిడ్జి మీద వస్తె మాత్రం డ్రైవర్ ఆపడు, కిటికీల నుంచే."

"గిప్పుడు గా మలుపులు లెవ్వత్తమ్మా. రోడ్డు సాఫుగైంది, నాలుగు లైన్లు."

"మలుపులు ఏడికి పోతయే?" అని నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది.

సరేలెమ్మని ఆమె చెప్పిన చోట్లన్నీ మ్యాపులో గుర్తులు పెట్టాను. ఇక్కడ ఆపుతాను, ఇక్కడ దిగి నిలబడదాం, ఇక్కడ నిమ్మకాయ. టోల్ గేటు సంగతి ఆమెకు పెద్ద అనుమానం. అద్దం మీద అంటించిన స్టిక్కరును చూసి గేటు దానంతటదే లేస్తుందంటే నమ్మలేదు. "లేవకపోతే ఏం జేస్తవ్?" అని రోజుకోసారి అడిగేది. నాకూ లోపల అదే భయం, బయటికి మాత్రం కళ్లెగరేసేదాన్ని.

అన్నిటికంటే తమాషా ఆమె ప్రాక్టీసు. కడుపుకు అలవాటు కావాలని మధ్యాహ్నం పూట నిలబెట్టిన కారులో ముందు సీట్లో పోయి కూర్చునేది. బెల్టు నేనే పెట్టాలి, ఆమెకు ఆ బొత్తాం పట్టుబడలేదు. అద్దం దించుకుని, చేతిలో నిమ్మకాయ పట్టుకుని, ఎదురుగా గోడను చూస్తూ కూర్చునేది. చేనునుంచి వచ్చే కూలి ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏడికి పోతున్నవ్ అవ్వా?"

"నిర్మల్‌కు!"

"చేరినవా మరి?"

"ఇంక బాల్కొండ కాడనే ఉన్న" అనేది, నవ్వకుండా.

పెద్దమ్మ ప్రయాణం సోమవారం పొద్దున అని తేలింది. మేము ఆదివారం పోవాలనుకున్నాం. ఆ రోజు యార్డు బందు కాబట్టి మా ఆయన ఇంటిపట్టున ఉంటాడు. ఆ వారమంతా మా అత్తమ్మ సకినాలు చేసింది, నువ్వుల లడ్డూలు చేసింది, అక్కకు పెట్టే చీరను మూడుసార్లు విప్పి చూసి మళ్లీ మడత పెట్టింది. నేను పొయ్యి ముందు నిలబడి కూడా గేర్లు వేస్తున్నాను. కుడికాలు దానంతటదే బ్రేకు నొక్కేది.

శనివారం పొద్దున కారు కడిగాను. రివర్సు తీయడం నాకు చావుతో సమానం. అందుకని తెల్లారి హాయిగా ముందుకు పోనిచ్చేందుకు, ఇంటి పక్కన సిమెంటు వేసిన కల్లం నడిమధ్యలో గేటువైపు మొహం పెట్టి నిలబెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయి, పెద్దమ్మకు గాజులు తేవడానికి ఆటోలో అంగడికి పోయాను.

నేను అటు పోగానే ఇటు బాయిలర్ వచ్చింది. పసుపు ఉడకబెట్టే బాయిలర్‌ను ట్రాక్టరుకు తగిలించుకుని ఊరూరూ తిప్పుతారు, వంతుల ప్రకారం వస్తుంది. మా వంతు ఇంకో నాలుగు రోజులకు. ఏర్గట్ల దిక్కు రైతు ఎవరో తవ్వకం కాలేదన్నాడట, బాయిలరాయన నేరుగా మా వాకిట్లో దిగాడు. వచ్చిన బాయిలర్‌ను పొమ్మంటే మళ్లీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. తవ్విన కొమ్ములు కుప్పగా ఉండనే ఉన్నాయి. ఉడకబెట్టేశారు.

సాయంత్రం గేటు తీసి లోపలికి అడుగు పెట్టబోయి ఆగిపోయాను. కల్లం ఈ కొస నుంచి ఆ కొస దాకా పచ్చగా, ఆవిర్లు కక్కుతూ పసుపు. నడిమధ్యలో, మడిలో నిలబడ్డ కొంగలా, నా తెల్ల కారు. టైర్ల దాకా ఒత్తుగా పోశారు. కారు కిందికి కూడా కొన్ని కొమ్ములు దొర్లాయి.

మా అత్తమ్మ అంచున నిలబడి చెంపకు చెయ్యి ఆనించుకుంది. "నేనే పొయ్యుమన్న బిడ్డా. కారు కాడ సిమెంటు మంచిగ కాగుతదని గాడికేలి పొయ్యుమన్న. కారు యాది మర్సిన."

కారు కాడ అని చెబుతూనే కారును మర్చిపోయింది! ఏమనాలి? అసలు పసుపు కాలంలో మావాళ్లకు ఖాళీ జాగా కంటబడితే అందులో పసుపే కనబడుతుంది, ఇంకేమీ కనబడదు. ఒక ఏడు పక్కింటివాళ్ల మోటర్‌సైకిల్‌ది కూడా ఇదే గతి, అది ఎండేదాకా పాపం ఆ పిల్లగాడు కాలేజీకి నడిచే పోయాడు.

ఉడికిన పసుపు పది పదిహేను రోజులు ఎండాలి. పోసిన కొత్తలో మెత్తగా ఉంటుంది, తొక్కితే చితికిపోతుంది. పార పెట్టి లాగినా తోలు లేస్తుంది. పైగా మా అత్తమ్మ కల్లంలో పసుపు తొక్కనివ్వదు. కోడి దాటితే కర్ర తీస్తుంది. పోయినేడు కొనడానికొచ్చిన సేటు కాలు అంచుకు తగిలితే, అంత పెద్దమనిషినీ పక్కకు జరిపి, ఆ కొమ్మును తీసి కళ్లకద్దుకుంది.

నాకు ఏడుపూ కోపం ఒక్కసారే వచ్చాయి. గాజుల సంచీ అరుగు మీద విసిరినంత పని చేశాను. మా ఆయన నా మొహం చూసి, "టాక్సీ మాట్లాడుత తియ్, రేపు పోయిరాండ్రి" అన్నాడు.

"పరాయోని కార్ల వాంతి చేసుకుంటనారా? నేను ఆపుమంటె ఆడు ఆపుతడా?" అంది అత్తమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "పోకుంటె పోకపాయె. ఫోన్ల మాట్లాడుకుంటం" అంది.

ఆ రెండో మాట నేను తట్టుకోలేకపోయాను. "పోతున్నమత్తమ్మా. ఎట్లనో పోతం" అన్నాను. ఎట్లనో నాకు తెలియదు.

తెలివి మళ్లీ ఆమెకే వచ్చింది. ఆదివారం తెల్లారగానే కాలు పట్టేంత మేర కొమ్ములు ఏరుకుంటూ కారు దాకా పోయి, వెదురు కర్రతో ముందు టైర్ల మధ్య ఎడం కొలిచింది. కల్లమంతా తీయనక్కర్లేదు, రెండు టైర్లు పోయేంత రెండు బాటలు చేస్తే చాలునంది. బండిజాడల్లా. ముగ్గురం మోకాళ్ల మీద కూర్చున్నాం. ఒక్కో కొమ్మునూ చేత్తో ఏరి గంపలో వేయడం, గంపను వరండాలో పరిచిన పట్టా మీద పోయడం. నిజం చెప్పాలంటే ఆ పొద్దంత సంబరం నేనెప్పుడూ పడలేదు. జానెడు జానెడు చొప్పున హైవే మాకు దగ్గరికొస్తున్నట్టే ఉంది. మా ఆయన కూడా హుషారెక్కి, "గిది బాల్కొండ, గిది పోచంపాడు" అంటూ ముందుకు జరుగుతున్నాడు.

నడుమ పెద్దమ్మ ఫోన్. "ఎల్లిన్రా?"

"ఎల్లినమక్కా. కల్లంల ఉన్నం."

రెండోసారి చేసినప్పుడు ఎండెక్కింది. మూడోసారి పెద్దమ్మ ఏమీ అడగలేదట, బియ్యం నానబెట్టానని మాత్రం చెప్పిందట. అది విన్నాక మా అత్తమ్మ చేతులు ఇంకా వేగంగా ఆడాయి.

బాట గేటు దాకా చేరింది. ఆమె తానం చేసి కొత్త చీర కట్టుకుని, బాట మీదే అడుగులో అడుగేసుకుంటూ వచ్చి ముందు సీట్లో కూర్చుంది. బెల్టు పెట్టాను. నా చేతులు పచ్చగా, స్టీరింగు పచ్చగా. కారు స్టార్టు చేశాను. మా ఆయన ఒక బాట మీద వెనక్కి నడుస్తూ చేతులూపుతున్నాడు. "ఎడమకు, ఎడమకు! నా ఎడమకు కాదే, నీ ఎడమకు!"

తిన్నగా ఉన్నంతసేపు కారు గీత గీసినట్టు పోయింది. ఒక్క కొమ్ము నలగలేదు. అత్తమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి టైరునే చూస్తోంది. గేటు కాస్త ఎడమ పక్కకుంది, దాని ముందర బాట వంపు తిరిగింది. నేను స్టీరింగు తిప్పి కొంచెం పోనిచ్చి, అద్దంలో చూసి, టక్కున బ్రేకు నొక్కాను.

మేము బాట తీసింది ముందు టైర్లకు. మలుపులో వెనక టైరు ముందుదాని వెంబడి రాదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. డ్రైవింగ్ స్కూల్లో చెప్పిన మొదటి సంగతే అది. ఆ ఉత్సాహంలో నాకు తట్టనే లేదు. వెనక ఎడమ టైరు ఒత్తుగా పోసిన పసుపు అంచుకు ఆనుకుని ఉంది.

"ఏమైంది?" అంది అత్తమ్మ.

"వెనక టైరు పసుపు మీదికెక్కుతది. ఆగు, దిగి ఇంకింత తీస్త." నేను తలుపు తీయబోయాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. బయట మా ఆయన నిలబడిపోయాడు. ఆమె ఒక్కసారి వెనక్కి, కల్లం దిక్కు చూసింది. తర్వాత ముందుకు తిరిగింది.

"ఎక్కియ్యి" అంది.

"ఏందత్తమ్మా?"

"ఎక్కియ్యి బిడ్డా. అక్క రేపు పోతది."

నేను క్లచ్ వదిలాను. వెనక మెత్తగా చితికిన చప్పుడు అయింది, కిటికీలోంచి తడి పసుపు వాసన గుప్పున వచ్చింది. ఆమె తల తిప్పలేదు. ఒళ్లో సకినాల డబ్బాను రెండు చేతులా పట్టుకుని, గేటు అవతలి రోడ్డునే చూస్తూ కూర్చుంది.