రివర్సు గేరులో చిట్లిన నిమ్మకాయలు

నా లెక్క తప్పదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇప్పుడు మీరు వినబోయే ఉపద్రవంలో ఒక స్కూటరు అప్పడమైంది, మా బావ బతుకుతెరువు గాల్లో వేలాడింది, క్వారీలో జనం చెల్లాచెదురయ్యారు. లెక్క మాత్రం అంగుళం తప్పలేదు.

ఉక్కునగరంలో స్టోర్సు గుమాస్తాగా ఉంటూ, ఇంజనీరింగు కాలేజీ గడప తొక్కకుండానే, గేరు పళ్లు చూసి బండి వేగం చెప్పగలిగేంత విద్య సొంతంగా సంపాదించాను. పెళ్లి భోజనాల్లో కూడా అడగకుండానే చెప్పేవాణ్ని. అందుకే మా అక్క మొగుడు అప్పలరాజు లారీకి కష్టం వస్తే ముందు నాకే ఫోన్ చేశాడు. మా వైపు బావా బావమరుదులు ఒకరినొకరు ‘బావా’ అనే పిలుచుకుంటాం. కాబట్టి ఈ కథలో బావలిద్దరు. తప్పు ఒక్కడిదే.

అప్పలరాజు పరవాడలో డ్రైవరు ఉద్యోగం మానేసి, వేలంలో ఒక పాత మిలిటరీ లారీ కొన్నాడు. ఆనందపురం అవతల ఒక రాళ్ల క్వారీలో పని మాట్లాడుకున్నాడు. మొదటి రోజే బండి బండరాళ్ల మీద కూర్చుండిపోయింది. వెనక చక్రాల మధ్య ఇరుసుని మోసే ఇనుప గొట్టాన్ని హౌసింగ్ అంటారు. దాని నడుమ కుండలాంటి ఉబ్బు ఉంటుంది. ఇంజను నుంచి వచ్చే షాఫ్టు ఆ కుండకి కింది వారన అతుక్కుంటుంది. అక్కడే రాయి తగిలి జాయింటు విరిగింది.

క్వారీ సూపర్‌వైజరు మాట తేల్చేశాడు. “సోమవారం నిండు లోడుతో ఈ కొండెక్కితే పని నీది. నేదంటే ఇంకో బండి పెట్టుకుంతాను.”

నేను సెలవు పెట్టి వెళ్లి, లారీ కింద పడుకుని, కొలిచి, బయటికొచ్చి చేతులు దులుపుకున్నాను.

“బావా, హౌసింగు తలకిందులు సేసేద్దాం. కిందున్న జాయింటు పైకొచ్చేత్తాది. నాలుగంగుళాలు లాభం.”

“తిరగేత్తే ఆయిలు కారిపోదేటి?”

“పాత బెజ్జం మూసేసి కొత్తది పెడదాం.”

“ఇంత సులువైతే కంపినీవోడికెందుకు తట్టనేదు?”

“ఆడు నాలాగ లెక్కెయ్యనేదు.”

ఇప్పుడు ఆ వాక్యం తలుచుకుంటే నా చెవులు నాకే వేడెక్కుతాయి.

పని మాత్రం గొప్పగా చేశాం, అది ఒప్పుకుని తీరాలి. పాత బేరింగులన్నీ తీసేసి కొత్తవి వేశాం. స్ప్రింగులు కూర్చునే దిమ్మల్ని ఆనందపురంలో కోయించి రెండో వైపు అతికించాం. లోపలి పెద్ద పళ్లచక్రానికీ చిన్నదానికీ మధ్య సందు వెంట్రుకంత అటూ ఇటూ కాకుండా గేజితో కొలిచి కుదిర్చాను. అన్నీ బిగించాక వెనక చక్రాలు గాల్లో ఉంచి ఇంజను నడిపాం. నేను హౌసింగుకి చెవి ఆనించి, సంగీత కచేరీలో ముందు వరుస పెద్దమనిషిలా కళ్లు మూసుకున్నాను.

“బావా, తిరగతన్నాయా?” అని అరిచాను.

“ఎన్నలాగ తిరగతన్నాయి.”

ఇంకొక్క ప్రశ్న అడగాల్సింది. ఇద్దరిలో ఏ ఒక్కడికీ తట్టలేదు.

సోమవారం పొద్దున్న లారీ నిండా రాళ్లు పోశారు. అక్క బండికి పసుపు రాసి, టైర్ల ముందు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. బండి ముందుకి కదిలి వాటిని తొక్కాలి, అదీ ఆనవాయితీ. నా స్కూటరుని లారీ వెనక పెట్టాను. ముందుకి వెళ్లే బండికి వెనకనే క్షేమమని లెక్కగట్టాను మరి.

బావ ఫస్టు గేరు వేశాడు. లారీ హుందాగా, ఏ తొందరా లేకుండా, వెనక్కి వెళ్లి నా స్కూటరు మీద ఎక్కింది. నిమ్మకాయలు ఉన్నచోటనే పచ్చగా నవ్వుతున్నాయి.

“రివర్సేసినావేటి బావా?”

“ఫస్టే ఏసినాను.”

“మల్లీ ఎయ్యి.”

మళ్లీ వేశాడు. స్కూటరులో మిగిలిన సగం కూడా పోయింది.

“పోనీ సెకండేసి సూడు.”

“సెకండేత్తే ఇంకా జోరుగా ఎనక్కెల్తాది. ఏటి సేసినావురా నా బండిని?”

బావా అనే పిలుపు పోయి ‘రా’ వచ్చిందంటే పరిస్థితి మీకు అర్థమయ్యే ఉంటుంది. నాకూ అప్పుడే అర్థమైంది. హౌసింగు తిరగేస్తే అందులోని పెద్ద పళ్లచక్రం కుడి నుంచి ఎడమకి వస్తుంది. చక్రాలన్నీ ఎదురు తిరుగుతాయి. అంకెలన్నీ సరిగ్గా వేసి, ముందు మైనస్ గుర్తు మరిచాను. ప్రపంచంలో వెనక్కి ఐదు గేర్లు, ముందుకి ఒకటే గేరు ఉన్న ఏకైక లారీకి కర్తనయ్యాను.

సూపర్‌వైజరు ఫోన్ తీశాడు. “ఇంకో బండికి సెప్పేత్తన్నాను.”

బావ స్టీరింగు మీద తల వాల్చేశాడు. అక్క నా వైపు చూడలేదు, అదే భరించలేకపోయాను. ఆ క్షణంలో నా బుర్రలో ఒక లెక్క మెరిసింది. ఈ లారీలో అన్నిటికన్నా బలమైన గేరు రివర్సే.

“బావా, రివర్సెయ్యి.”

“ఇంకా నుజ్జవ్వడానికేటున్నాది? స్కూటరైపోనాది.”

“ఎయ్యి బావా. నా మాటిను.”

వేశాడు. నిమ్మకాయలు టపటపా చిట్లాయి. లారీ ముందుకి కదిలింది. రివర్సు గేరు కనుక వెనక తెల్ల దీపాలు వెలిగాయి, రివర్సు హారను పసిపిల్లలా ఏడుపు అందుకుంది. వెనకున్న జనం బండి తమ మీదికే వస్తోందని పొదల్లోకి పరుగెత్తారు. బండి మాత్రం ఏడుస్తూ, ముక్కు పైకెత్తుకుని, ఒక్క రాయి కూడా కడుపుకి తగలకుండా పైకెక్కేసింది. నా నాలుగంగుళాలు నిలబడ్డాయి.

సూపర్‌వైజరు ఫోన్ జేబులో పెట్టాడు. “ఏ గేరులో ఎక్కినాది?”

“రివర్సులోనండి.”

“ముందుకెల్లడానికా?”

“అవునండి.”

పొదల వైపు చెయ్యి చూపించాడు. “పని నీదేనయ్యా. ఎక్కితే సాలన్నాను, ఎక్కినాది. గాని రేపటికల్లా దాన్ని మామూలు బండిలాగ సెయ్యి. మా కూలోల్లు పొదల్లోంచి ఇంకా రానేదు.”

ఆ రాత్రే హౌసింగుని మళ్లీ ఎప్పటిలాగే తిప్పి పెట్టి, ఎత్తు కోసం స్ప్రింగుల కింద దిమ్మలు వేశాం. బండి ఇప్పటికీ అక్కడే తిరుగుతోంది, ముందుకే. అయినా నిండు లోడుతో, రివర్సు గేరులో, మొహం ఎదర పెట్టుకుని ఆ కొండెక్కిన బండి నేను చేసినదొక్కటే. ఆ మాట ఎవరూ కాదనలేదు.

మర్నాడు అక్క టిఫిను పెడుతూ పెనం మీద దోసె చూపించింది. “తిరగేత్తావేటిరా? ఎటు తిరగతాదో సూసుకుని తిరగెయ్యి.”

అట్లకాడ చేతపట్టి, చిట్లిన ఆ నిమ్మకాయల సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో దోసె తప్ప మరి దేన్నీ తిరగెయ్యను.